గాజుపెట్టెలో సముద్రం, గుప్పెడు తుప్పు

కాలేజీ సావనీరు అనగానే మనవాళ్ళు సాధారణంగా మూడు రకాల వ్యాసాలు రాస్తారు. ఒకటి "విద్యార్థులు – క్రమశిక్షణ". రెండోది "నేటి యువత ఎటు?". మూడోది విహారయాత్రా విశేషాలు. వీటిలో ఏ ఒక్కదానికీ నాకు అర్హత లేదు. క్రమశిక్షణ గురించి రాస్తే నా హాజరుపట్టీ చూసిన మాస్టార్లు నవ్వుతారు. యువత ఎటు పోతోందో నాకు తెలీదు. విహారయాత్రకి అందరూ బస్సెక్కిన రోజున నేను గదిలో కూర్చుని ఒక ప్లాస్టిక్ గిన్నెకి గొట్టం బిగిస్తున్నాను. అంచేత ఆ గిన్నె గురించే రాస్తున్నాను.

ఆ గిన్నె పేరు ఫాస్ఫేట్ రియాక్టరు. రియాక్టరు అన్నాను కదా అని అణువిద్యుత్తు అనుకొని కంగారుపడకండి. ఉప్పునీటి చేపలతొట్టిలో పేరుకుపోయే ఫాస్ఫేటుని పట్టి ఉంచే చిన్న సాధనం అది. కొనుక్కోవాలంటే మా ఇద్దరి నెల మెస్సు బిల్లు చాలదు. చేసుకుంటే చాలా తక్కువలో అయిపోయింది.

మా ఇద్దరూ అంటే నేనూ, నా రూమ్మేటూ. నాది కెమిస్ట్రీ, వాడిది జువాలజీ. ఇంటి ఓనరు పిన్నిగారికి మా పేర్లు నోటికి తిరగక, "కెమిస్ట్రీ బాబూ, జువాలజీ బాబూ" అనే పిలుస్తారు. వాడు శ్రీకాకుళం తీరంలో వేటకి వెళ్ళేవాళ్ళ ఇంట్లో పుట్టాడు. నేను కనిగిరి వైపువాణ్ణి. విశాఖపట్నం వచ్చేదాకా సముద్రం మొహం చూడలేదు. కొత్తల్లో సాయంత్రం అయితే చాలు, రామకృష్ణా బీచికి పోయి కూర్చునేవాణ్ణి. వాడికి అది వింతగా ఉండేది. "ఏటి గురూ, అలా సూస్తావు? నీళ్ళే కదా!" అనేవాడు.

మాకు రెండేళ్ళ సీనియరు ఒకాయన ఉద్యోగం వచ్చి ఊరు వదిలిపోతూ తన గాజుతొట్టిని మా గదిలో దించేసి పోయాడు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఇసుకా రాళ్ళూ పోను అరవై లీటర్ల నీళ్ళు పడతాయి. అందులో రెండు క్లౌన్ చేపలు – నారింజరంగు ఒంటిమీద తెల్లపట్టీలు ఉంటాయే, అవి. సముద్రంలో పట్టినవి కావు, హేచరీలో పుట్టినవి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ చేపల్ని హేచరీల్లో పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించారు. వీటితోబాటు నాలుగు నత్తలు, రెండు సన్యాసి పీతలు. పగడాలు లేవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులు. సముద్రంలోంచి విరిచి తెచ్చుకోవడం నేరం. అంచేత పగడపు రాళ్ళకి బదులు ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన బేతంచర్ల రాయి ముక్కల్ని గుట్టగా పేర్చాడు మా సీనియరు. వాటి మీద గులాబీరంగు సున్నపు నాచు అక్కడక్కడా మచ్చలుగా పట్టింది.

నీళ్ళకి లోటు లేదు. రెండు క్యాన్లు పట్టుకుని అలలు దాటి పడవ మీద పోయేవాళ్ళని బతిమాలితే తెచ్చిపెడతారు. కాకపోతే కాలాన్ని చూసి తెచ్చుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో గంగా బ్రహ్మపుత్రల వరదనీళ్ళు బంగాళాఖాతం ఒడ్డునంటి దక్షిణంగా దిగివస్తాయి. ఆ రోజుల్లో మన ఒడ్డున సముద్రం పలచనవుతుంది. ఉప్పు కొలిచి కలుపుకోవాలి. లీటరుకి 35 గ్రాములు మామూలు లెక్క.

ఇదంతా బాగానే సాగుతుండగా గత డిసెంబరులో తొట్టి పచ్చబడడం మొదలెట్టింది. ముందు గాజుమీద పలచటి పొర. తర్వాత రాళ్ళమీద వెంట్రుకల్లాంటి పాచి. గీకితే మూడోరోజుకి మళ్ళీ మొలిచేది. సంక్రాంతి నాటికి రాళ్ళే కనపడడం మానేశాయి. గులాబీ మచ్చలు తెల్లబడి పోతున్నాయి. ఒకరోజు పిన్నిగారు అద్దెకోసం వచ్చి తొట్టివైపు చూసి, "ఏం బాబూ, అందులో గోంగూర మడి వేశారా?" అన్నారు.

మావాడు జువాలజీ పద్ధతిలో ఆలోచించి నత్తల్ని పెంచుదామన్నాడు. నేను కెమిస్ట్రీ పద్ధతిలో ఆలోచించి ముందు నీళ్ళు కొలుద్దామన్నాను.

నీటిలో ఫాస్ఫేటు కొలవడానికి 1962లో మర్ఫీ, రైలీ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి ఉంది. అరవై ఏళ్ళు దాటినా సముద్రశాస్త్రజ్ఞులు నేటికీ అదే వాడుతున్నారు. నీటి నమూనాలో అమ్మోనియం మాలిబ్డేటు, ఆమ్లం, కాస్త యాంటిమొనీ లవణం, ఆస్కార్బిక్ ఆమ్లం – అంటే మన విటమిన్ 'సి' – కలిపితే, ఫాస్ఫేటు ఉన్నంత మేరకు నీలిరంగు వస్తుంది. ఆ నీలాన్ని 880 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరులో చదవాలి. మా ల్యాబ్ మాస్టారు అనుమతి ఇస్తూ, "చేపలతొట్టి నీళ్ళకి ఇంత వైభోగమా అయ్యా!" అన్నారు గాని, పక్కనే నిలబడి చూశారు.

మా తొట్టి నీరు: లీటరుకి 0.82 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు. అదే రోజున పడవవాళ్ళు తెచ్చిచ్చిన సముద్రపు నీరు: 0.06. పక్కపక్కన పెడితే ఒక కువెట్టులో ఇంకు పోసినట్టుంది, రెండోదాన్లో నీలం ఉందా లేదా అని వెతుక్కోవాలి. రంగు వేయకముందు మాత్రం రెండూ ఒకటే. రెండూ తేటనీళ్ళే. వాసన లేదు, తేడా లేదు.

పాఠకులకి ఇక్కడ ఒక సందేహం రావాలి. రెండు వేలెడు చేపలు ఇంత ఫాస్ఫేటు ఎక్కణ్ణించి తెచ్చాయి? లెక్క చెబుతాను. చేపల మేతలో సుమారు నూటికి ఒక పాలు భాస్వరం ఉంటుంది. మేం రోజుకి వేసేది చిటికెడు – గ్రాములో పదోవంతు. అందులో భాస్వరం ఒక మిల్లీగ్రాము. అది ఫాస్ఫేటుగా మారితే మూడు మిల్లీగ్రాములవుతుంది. అరవై లీటర్లకి పంచితే లీటరుకి 0.05. అంటే రోజూ మేం వేసే చిటికెడు మేత, చేప ఒంటబట్టింది కాస్త పోను, సముద్రంలో ఉన్నంత ఫాస్ఫేటుని ఒక్కరోజులో తెచ్చిపోస్తోందన్నమాట! వారానికి 0.35. నత్రజని సంగతి వేరు. దాన్ని సూక్ష్మజీవులు వాయువుగా మార్చి గాలిలోకి పంపగలవు. భాస్వరానికి గాలిదారి లేదు. వచ్చిన అతిథి వచ్చినట్టే ఉండిపోతాడు.

"నీళ్ళు మార్చేస్తే పోలా?" అని మా పక్కగది సివిల్ ఇంజనీరింగ్ మిత్రుడు తేల్చేశాడు. వారానికి అయిదోవంతు నీళ్ళు మారిస్తే ఉన్న ఫాస్ఫేటులో అయిదోవంతే పోతుంది. 0.82లో పోయేది 0.16. వారంలో వచ్చి చేరేది 0.35. చిల్లుకుండ సంగతి మనకి తెలుసు. ఇది చిల్లు చాలని కుండ. మేత మానేద్దామంటే చేపలకి తెలుగు రాదు, నచ్చజెప్పలేం.

ఇక మిగిలింది నీళ్ళలోంచి ఫాస్ఫేటుని ఏరి తీయడం. దానికి మందు ఏమిటనుకున్నారు? తుప్పు!

కాస్త మర్యాదగా చెబితే, ఫెర్రిక్ హైడ్రాక్సైడు గుళికలు. చూడ్డానికి ముతక కాఫీపొడిలా ఉంటాయి. గుళికకి లోపలంతా సూక్ష్మమైన రంధ్రాలు. ఆ రంధ్రాల గోడలమీద ఇనుమును అంటిపెట్టుకుని హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి. ఫాస్ఫేటు వచ్చి ఆ గుంపుల్ని తప్పించి తాను ఇనుముకి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే మామూలు నీటికి వదలదు. ఈ గుళికల్ని మొదట తయారుచేసింది చేపల కోసం కాదు; తాగేనీటిలో ఆర్సెనిక్ తీయడం కోసం. 1990లలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆ పని జరిగింది. ఆవర్తన పట్టికలో భాస్వరం కింద గడిలో ఉండేది ఆర్సెనిక్కే. ఆర్సెనేటుదీ ఫాస్ఫేటుదీ ఒకే ఆకారం – మధ్యన ఒకరు, చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. ఒకరికి వేసిన వలలో రెండోవారూ పడతారు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో బోరునీటి ఆర్సెనిక్కుని ఆపే పనికొచ్చిన ఇనుపతుప్పే, ధనవంతుల ఇళ్ళలో పగడాల తొట్లకీ పనికొచ్చింది. చివరకి మా గదికీ వచ్చింది.

ఇక తయారీ. చేసుకోదలచినవారు చదవండి, తక్కినవారు రెండు పేరాలు దాటేయండి.

ఇళ్ళలో ఆర్.ఓ. నీటియంత్రానికి ముందు గోడకి ఒక పారదర్శకపు ప్లాస్టిక్ గిన్నె వేలాడుతూ ఉంటుంది చూడండి, దుమ్ము పట్టే వడపోత కోసం. అది పాతది రిపేరు షాపులో దొరికింది. దాని మూతకి రెండు ద్వారాలు. మామూలుగా నీరు పక్కద్వారం గుండా లోపలికి వచ్చి, మధ్యలో ఉన్న వడపోత కడ్డీలోంచి దూరి, నడిమి ద్వారం గుండా బయటికి పోతుంది. మేం దాన్ని తిరగేశాం. కడ్డీ తీసేసి, నడిమి ద్వారానికి అరంగుళం పి.వి.సి. పైపు ఒకటి అడుగుదాకా దించాం. పైపు కింది అంచున రంపంతో నాలుగు గాట్లు పెట్టాం. ఇప్పుడు నీరు నడిమి పైపులోంచి అడుగుకి దిగి, అక్కణ్ణించి గుళికల మధ్యగా పైకెక్కి, పక్కద్వారం గుండా తొట్టిలోకి పోతుంది. 'ఇన్' అని రాసి ఉన్నచోట 'అవుట్', 'అవుట్' అని ఉన్నచోట 'ఇన్'. గుళికలకి కిందా పైనా పైపు చుట్టూ గుండ్రంగా కోసిన స్పాంజి ముక్కలు. కింది స్పాంజి ఒరిగిపోకుండా ప్లాస్టిక్ జల్లెడ బిళ్ళ ఒకటి.

పంపు దగ్గర వాదన వచ్చింది. హార్డ్‌వేర్ షాపాయన, "తమ్ముడూ, కూలరు పంపు పట్టుకుపో, చవక" అన్నాడు. దానికి ఇనుప ఇరుసు ఉంటుంది. ఉప్పునీళ్ళలో నెల తిరక్కుండా తింటుంది. పింగాణీ ఇరుసున్న చిన్న చేపలతొట్టి పంపే కొన్నాం. అలాగే ఇత్తడి కుళాయి వద్దన్నాం. ఇత్తడిలో రాగి ఉంది. నీటిలో కరిగిన రాగి చేపల కంటే ముందు నత్తల్నీ పీతల్నీ చంపుతుంది. ప్లాస్టిక్ కుళాయే పెట్టాం. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టి, గిన్నెని ఖాళీ బకెట్టులో నిలబెట్టి, ఒక రాత్రంతా మంచినీళ్ళు తిప్పి కారుతోందేమో చూశాం. కరెంటు తీగని ప్లగ్గు కంటే కిందికి వంపుగా వేలాడదీశాం – తీగవెంట జారిన నీటిచుక్క వంపు దగ్గర కింద పడాలిగాని ప్లగ్గులోకి పోగూడదు. ఈ ఒక్క ముక్క మాత్రం చేపలతొట్టి ఉన్నవాళ్ళందరూ గుర్తుంచుకోండి.

గుళికలు ఎన్ని వేయాలి? పదిహేను లీటర్లకి ఒక పెద్ద చెంచా అని వాడుకలో ఉన్న లెక్క. ఆ లెక్కన మాకు నాలుగు చెంచాలు. మేం రెండే వేశాం. ఎందుకో తర్వాత చెబుతాను. వేసేముందు బియ్యం కడిగినట్టు నాలుగైదుసార్లు కడగాలి, ఎర్రనీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా. తర్వాత పంపు వేసి కుళాయిని కొంచెం కొంచెంగా తిప్పాలి. గుళికలు కదలకపోతే గడ్డకడతాయి. గిర్రున తిరిగితే ఒకదాన్నొకటి రాసుకుని పొడయి తొట్టిలోకి పోతాయి. అన్నం వండేటప్పుడు ఎసరు మరగబోయే ముందు పైన సన్నగా కదులుతుందే, ఆ కదలిక ఉండాలి. మా గిన్నెలో లీటరు నీళ్ళు రావడానికి తొంభై సెకన్లు పడితే ఆ కదలిక వచ్చింది. అంటే గంటకి నలభై లీటర్లు.

రియాక్టరు తిప్పిన మూడోరోజున ఫాస్ఫేటు 0.46. ఏడోరోజున 0.21. పదోరోజున 0.15. మావాడు సంబరపడి పిన్నిగారికి మైసూర్‌పాక్ ఇచ్చి వచ్చాడు. నేను మాత్రం ఒక పరీక్ష చేయాలనుకున్నాను. ఒకరోజు రియాక్టరు ఆపి, చేపలకి కూడా మేత వేయకుండా ఉంచి, మర్నాడు కొలిచాం. 0.24! మేత లేదు, కొత్తనీళ్ళు లేవు. ఎక్కణ్ణించి వచ్చింది?

రాళ్ళలోంచి. సున్నపురాయికి ఫాస్ఫేటుని పట్టే గుణం ఉంది. నీటిలో ఎక్కువగా ఉన్న రోజుల్లో అది తన ఒంటిమీద పట్టి దాచుకుంటుంది. నీటిలో తగ్గినప్పుడు మెల్లిగా వదులుతుంది. మా సీనియరు హయాంలోని మేత బాకీ కూడా ఆ రాళ్ళే మోస్తున్నాయన్నమాట. పైకి కనబడే పాచిని గీకితే ఎందుకు పోలేదో అప్పుడు తెలిసింది. పాచి ఫలితం; ఖాతా రాళ్ళలో ఉంది.

పందొమ్మిదో రోజున ఇంకో సంగతి. తొట్టిలో 0.26కి పెరిగింది. రియాక్టరు నుంచి వచ్చే నీటిని విడిగా పట్టి కొలిచాను: 0.25. మొదట్లో అక్కడ 0.02 ఉండేది. అంటే గుళికలు నిండిపోయాయి, ఇక పట్టడం లేదు. నేను గిన్నెలోకి తేరిపార చూశాను. అదే కాఫీరంగు. అదే ఎసరు కదలిక. పంపు అదే పాట పాడుతోంది. నీళ్ళు పోతున్నాయి, వస్తున్నాయి. పనిచేస్తున్న యంత్రానికీ పనిచేయని యంత్రానికీ కంటికి ఆనేంత తేడా ఏమీ లేదు.

ఇక్కడ నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఈ వ్యాసం రాయడానికి నిజమైన కారణం కూడా అదే.

1937లో మన దేశంలో తాగునీటి ఫ్లోరైడువల్ల వచ్చే ఎముకల జబ్బుని మొదటిసారి వైద్యులు గుర్తించి రాసింది అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించి. మాది ఆ ప్రాంతమే. మా తాతయ్య మెడ తిరిగేది కాదు. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. నడుం వంగిపోయి ఆకాశం చూడడం మానేసి ఇరవై ఏళ్ళయిందని నవ్వుతూ చెప్పేవాడు. ఆయన దేన్నీ తిట్టేవాడు కాదు గాని, ఒక మాట అనేవాడు: "మా బావి నీళ్ళు కొబ్బరినీళ్ళు రా అబ్బయ్యా! అంత తేట నీళ్ళు ఈ చుట్టుపక్కల లేవు." ఆ తేటనీళ్ళే ఆయన్ని వంచాయి.

ఫ్లోరైడు తీయడానికి మన తెలుగునేల పేరుమీదే ఒక పద్ధతి ఉంది. నల్గొండ పద్ధతి అంటారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది – పటికా, సున్నమూ కలిపి, కదిపి, తేర్చడం. ఇంకో పద్ధతి, నీటిని అల్యూమినా గుళికల గుండా పంపడం. అది అచ్చం మా గదిలోని గిన్నె చేసే పనే. ఇక్కడ ఇనుము, అక్కడ అల్యూమినియం. మా ఊరి బడిలో అలాంటి అల్యూమినా వడపోత ఒకటి ఉంది. నేను ఏడో తరగతిలో ఉండగా పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు, ఫోటో తీశారు. అప్పట్నుంచీ పిల్లలు ఆ కుళాయి కిందే దోసిలి పడుతున్నారు. గుళికలు ఎప్పుడైనా మార్చారా? అది నాకు జ్ఞాపకం లేదు. ఎవరైనా కొలిచారా? అదీ తెలీదు.

ఉగాదికి ఇంటికి వెళ్ళినప్పుడు నాలుగు ప్లాస్టిక్ సీసాలు పట్టుకెళ్ళాను. బడి బోరునీరు రెండు, వడపోత దాటిన నీరు రెండు. తిరిగొచ్చి మా ల్యాబ్‌లో ఫ్లోరైడు ఎలక్ట్రోడుతో కొలిచాను. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటగూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చు. మా బోరునీరు 3.4. వడపోత దాటిన నీరు 3.3.

ఆ అంకె రాసుకున్న పుస్తకాన్ని చాలాసేపు మూయలేదు. ఎన్నాళ్ళుగా అలా ఉందో చెప్పగలవాళ్ళు లేరు. ఆ పిల్లలు వడపోసిన నీళ్ళే తాగుతున్నామనుకుంటున్నారు. వడపోత లేని ఊళ్ళో కనీసం భయమైనా ఉంటుంది. ఇక్కడ అదీ లేదు. పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. యంత్రం పెట్టడంతో పని అయిపోయిందనుకున్నారు, అంతే. నిజానికి యంత్రం సగం పని. కొలత రెండో సగం.

బడి హెడ్మాస్టరుగారికి అంకెలతో ఉత్తరం రాశాను. ఆయన దాన్ని పట్టుకుని తిరగాల్సిన చోట్లకల్లా తిరిగారు. మూడు వారాలకి కొత్త అల్యూమినా పోయించారు. మళ్ళీ సీసా పంపించారు: 0.7. ఇప్పుడు ఆ వడపోత పక్కనే మేకుకి దారంతో ఒక నోటుపుస్తకం వేలాడుతోందట. తేదీ, అంకె. నెలకోసారి సీసా మా ల్యాబ్‌కి రావాలి. నేను వెళ్ళిపోయాక ఎవరు కొలుస్తారన్నది ఆలోచించాలి. మా జూనియర్లు ఇద్దరు మాట ఇచ్చారు. ఆ మాటని ఈ సావనీరులో అచ్చు వేయిస్తున్నాను, ఇక తప్పించుకోలేరు.

మళ్ళీ తొట్టిలోకి వద్దాం. నాలుగు చెంచాలకి బదులు రెండే ఎందుకు వేశామో చెబుతానన్నాను. ఫాస్ఫేటుని సున్నా చేయడం మా ఉద్దేశం కాదు. భాస్వరం విషం కాదండీ! 1669లో హాంబర్గులో హెనిగ్ బ్రాండ్ అనే రసవాది బంగారం కోసం మూత్రాన్ని మరిగించి మరిగించి చీకట్లో మెరిసే ఈ పదార్థాన్ని కనిపెట్టాడు. బంగారం రాలేదు గాని, జీవానికి బంగారం కంటే అవసరమైంది దొరికింది. మన ఎముకల్లో, కణాల పొరల్లో, వంశవాహికల్లో అది లేనిదే పని జరగదు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934లో మొదలుపెట్టిన పరిశీలనలవల్ల, సముద్రపు ప్లవకాల్లో 106 కర్బన పరమాణువులకి 16 నత్రజని, 1 భాస్వరం ఉంటాయన్న లెక్క స్థిరపడింది. ఆ ఒక్కటీ లేకపోతే తక్కిన నూట ఇరవై రెండూ కూర్చోడానికి చోటు లేదు.

మన విశాఖ సముద్రమే దీనికి సాక్షి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లఫాండ్ అనే అమెరికన్ సముద్రశాస్త్రజ్ఞుడు, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరపు నీటిని కొలిచాడు. ఏడాదిలో కొన్ని నెలల్లో ఒడ్డున ఉన్న పైనీరు దూరంగా తోసుకుపోయి, అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుందని రాశాడు. ఆ చల్లనీరు అడుగున పేరుకున్న ఫాస్ఫేటునీ నత్రజనినీ పైకి తెస్తుంది. ప్లవకాలు వర్ధిల్లుతాయి; వాటిని నమ్ముకుని చేపలు వస్తాయి. ఈ సంగతి మా రూమ్మేటుకి చెబితే వాడు నవ్వి, "మా అయ్యకి ఆ పుస్తకం సదవక్కర్లేదు గురూ. నీట్లో సెయ్యెట్టి సల్లగుంటే వల తీస్తాడు" అన్నాడు. నేను ఏడాదంతా చదివింది వాళ్ళ నాన్నగారి అరచేతిలో ఉంది.

అందుకని మేం లక్ష్యంగా పెట్టుకున్నది 0.03కీ 0.1కీ మధ్య. ఎక్కువైతే పాచి, సున్నపు నాచు గట్టిపడదు, ఎందుకంటే ఫాస్ఫేటు సున్నం స్ఫటికాలు పేరుకోడానికి అడ్డుపడుతుంది. మరీ తక్కువైతే నాచుకి తిండి ఉండదు. ఖాళీ దొరికింది కదా అని వేరే రకం చెడ్డ జిగురు పొరలు వస్తాయి. ఫ్లోరైడు సంగతీ అంతే. చిటికెడు ఉంటే పళ్ళకి మేలు, ఎక్కువైతే ఎముకలకి కీడు. మన అమ్మమ్మలు ఉప్పు గురించి చెప్పే మాటనే రసాయనశాస్త్రం అంకెల్లో చెబుతోంది. తీసేవాడికి ఎంత తీయాలో తెలిస్తే చాలదు. ఎంత వదిలెయ్యాలో కూడా తెలియాలి.

గుళికలు మార్చిన తర్వాత ఆరో వారంలో తొట్టి 0.07 దగ్గర నిలబడింది. పాచి పూర్తిగా పోలేదు. పోవాల్సిన పనీ లేదు. నత్తలకీ ఏదో ఒకటి ఉండాలి. బేతంచర్ల రాళ్ళ నలుపు మళ్ళీ బయటపడింది. గులాబీ మచ్చలు రూపాయి బిళ్ళంత అయ్యాయి. పిన్నిగారు ఈమధ్య మనవణ్ణి తెచ్చి చూపిస్తున్నారు. గోంగూర ప్రస్తావన ఎత్తడం లేదు.

మా ఇద్దరికీ ఇది ఆఖరి సంవత్సరం. పరీక్షలు కాగానే గది ఖాళీ చేస్తాం. తొట్టి, చేపలు, రియాక్టరు ఎవరికైనా ఇవ్వాలి. డబ్బు అక్కర్లేదు. కావలసినవారు ఏ డిపార్టుమెంటువారైనా ఫరవాలేదు – తెలుగు సాహిత్యం వారైనా సరే. ఒకే ఒక్క షరతు. తొట్టితోబాటు నీలిఅట్ట నోటుపుస్తకం ఒకటి ఇస్తాం. అందులో ఇప్పటికి యాభై మూడు తేదీలూ, యాభై మూడు అంకెలూ ఉన్నాయి. యాభై నాలుగోది మీ చేత్తో రాయాలి. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని ఆ వారం మానెయ్యకూడదు.